అమ్ముడైన ఇల్లు: కథల భాష, దస్తావేజు భాష

పిత్రార్జితమైన ఇంటిని అమ్ముకొనడం భారతీయ సాహిత్యంలో తరచుగా కనిపించే ఇతివృత్తమే. అయినా మన తెలుగు కథకులలో అధిక సంఖ్యాకులు దీనిని ఒకే మూసలో పోస్తున్నారనిపిస్తుంది. పల్లెటూరిలో ఒక పాతకాలపు మండువా లోగిలి ఉంటుంది. పెరట్లో నుయ్యి, తులసికోట, తాతగారు నాటిన మామిడిచెట్టు ఉంటాయి. పట్నంలో స్థిరపడిన కొడుకులు వచ్చి ఇంటిని బేరం పెడతారు. వృద్ధురాలైన తల్లి గడప మీద కూలబడి కన్నీరు పెట్టుకొంటుంది. కోడలు ఆ కన్నీటిని చూడనట్లు నటిస్తుంది. కథ చివర తల్లి ప్రాణం పోవడమో, మామిడిచెట్టు నేల కూలడమో జరుగుతుంది. పాఠకుని కంట తడి పెట్టించడం ఇంతలో సాధ్యమే. కాని ఆ ఇల్లు ఎవరి సొమ్ముతో లేచింది, ఎవరి సంతకం లేకుండా అమ్ముడుపోదు, వచ్చిన పైకం ఎవరికి ఎంత చేరింది అన్న ప్రశ్నలు ఆ కన్నీటిలో కొట్టుకొనిపోతాయి. ఇవి కరణాల ప్రశ్నలనీ, కథకుల ప్రశ్నలు కావనీ అనుకోవడం పొరపాటు. ఇంటి అమ్మకాన్ని వస్తువుగా స్వీకరించి నిలిచిన రచనలు ఈ ప్రశ్నలను దాటవేయలేదు.

ఈ లోపం నాకు స్పష్టంగా తెలిసివచ్చినది పుస్తకాల నడుమ కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, సుభాష్‌పల్లి అనే పేటలో, మా మేనమామ కట్టిన ఇంటిని ఆయన అనంతరం అత్తయ్య, ఆమె సంతానం అమ్మినప్పుడు సాక్షి సంతకానికై నేను వెళ్ళవలసి వచ్చింది. అది మండువా లోగిలి కాదు. మూడు గదులు, ఒక వరండా, మేడ కోసం మొదలుపెట్టి సగంలో ఆపివేసిన మెట్లు. మన కథల కొలబద్దతో చూస్తే కథకు పనికిరాని ఇల్లు.

ఖరగ్‌పూర్ పట్టణం రైలు మూలంగా పెరిగినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పంతొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఇక్కడ జంక్షన్‌ను, తరువాత పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. వాల్తేరు నుంచి తూర్పు తీరం వెంబడి వచ్చే రైలుదారి ఇక్కడే హౌరా దారిలో కలుస్తుంది. ఆ దారి వెంటే విజయనగరం, శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల వారు పనికై తరలివచ్చారు. ఫిట్టర్లు, ఖలాసీలు, ఫైర్‌మన్లు, గ్యాంగుమన్లు అయ్యారు. మథురాకాటి, నింపురా వంటి చోట్ల మూడు నాలుగు తరాలుగా తెలుగు వినబడుతూనే ఉంది. అయితే రైల్వే ఉద్యోగి జీవితకాలం కాపురమున్న క్వార్టరు అతనిది కాదు. ఉద్యోగం ఉన్నంతవరకే ఆ కప్పు. 1927, 28 సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్వాసనలకు వ్యతిరేకంగా సాగిన సమ్మెలను, వాటిలో వి.వి. గిరి గారు వహించిన పాత్రను కార్మికోద్యమ చరిత్రకారులు విపులంగానే పేర్కొన్నారు. ఉద్యోగం పోయిన మనిషికి జీతంతో పాటు ఇల్లు కూడా పోతుందన్న విషయం మాత్రం ఆ చరిత్రలలో ఒక వాక్యానికి మించి ఉండదు. ఆ వాక్యంలో కథకునికి చాలినంత సామగ్రి ఉంది.

కనుక రైల్వే ఊరిలో స్వంత ఇల్లు అన్నది ఉద్యోగ విరమణ నాటి మాట. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ చేతికి వచ్చిన తరువాత, రైల్వే హద్దులు దాటి ఒక స్థలం కొని, క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువులోగా గోడలు లేపుకోవాలి. మా మావయ్య అదే చేశాడు. స్వగ్రామంలో తన వంతుకు వచ్చిన ఇంటి భాగాన్ని అన్నదమ్ములకు వదిలివేసి, ఆ పైకాన్ని కూడా ఇటుకలలో పెట్టాడు. సుభాష్‌పల్లి ఇల్లు ఆ విధంగా ఒక అమ్మకంతో లేచి, ఇంకొక అమ్మకంతో ముగిసింది.

ఇక్కడ ఒక మాటను పరిశీలించవలసి ఉంది. 'పిత్రార్జితం' అంటే తాతముత్తాతల నుంచి సంక్రమించినది అనే అర్థం మనకు రూఢి అయింది. పదాన్ని విడదీస్తే తండ్రి ఆర్జించినది అని మాత్రమే వస్తుంది. మన కథలు రూఢ్యర్థాన్ని పట్టుకొన్నాయి. అందుచేతనే వాటిలో ఇంటికి ఎప్పుడూ నూరేళ్ళ వయస్సు, వంశగౌరవం, జీర్ణవైభవం ఉంటాయి. వలస వచ్చిన వారి ఇల్లు యౌగికార్థంలో పిత్రార్జితం. దానికి ముప్పై నలభై ఏళ్ళకు మించిన చరిత్ర లేదు. కట్టినవాని చేతి కొలతలు కట్టడంలో ఇంకా కనిపిస్తూ ఉంటాయి. అటువంటి ఇల్లు అమ్ముడుపోతే కూలేది వంశవైభవం కాదు. ఒక మనిషి ఈ ఊరిలో ఉండిపోవాలని నిర్ణయించుకొన్నాడు అనడానికి ఉన్న ఏకైక ఆధారం చేతులు మారుతుంది.

ఇల్లు, భూమి అమ్మకం అనగానే మనకు ముందుగా స్ఫురించేవి బలవంతపు అమ్మకాలు. రవీంద్రుని 'దుయి బిఘా జొమి' కవితలో ఉపేన్ అనే బీదరైతుకు మిగిలిన రెండు బిఘాల నేల జమీందారు తోటను చదరం చేయడానికి అవసరమౌతుంది. బూటకపు అప్పు మీద నేల పోతుంది. ఏళ్ళ తరువాత తిరిగివచ్చిన ఉపేన్ తన చెట్టు కింద రాలిన రెండు పళ్ళు తీసుకొని దొంగ అనిపించుకొంటాడు. బిమల్ రాయ్ 1953లో తీసిన 'దో బీఘా జమీన్' చిత్రం ఈ రైతునే కలకత్తా వీధులలో రిక్షా లాగించింది. శ్రీకాకుళ ప్రాంత జీవితాన్ని కథలుగా మలచిన కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం'లో అప్పల్రాముడు అప్పు తీర్చడానికి భూమి వదులుకోవలసి వస్తుంది. అప్పుడు అతని కొడుకు చేసిన పని తెలుగు పాఠకులు మరువలేనిది. అయితే ఆ కథ బలం భయంకరమైన ముగింపులో మాత్రమే ఉందనుకోను. దానికి ముందు సాగే సుదీర్ఘమైన తగవులో ఉంది. అసలెంత, ఎవరి మాట చెల్లుతుంది, ధర్మం ఏ వైపు అన్న చర్చను రచయిత సంక్షేపించలేదు. పాఠకుడు ఆ న్యాయాన్ని వింటాడు, చాలావరకు ఒప్పుకొంటాడు కూడా. ఆ తరువాతనే దాని మూల్యం చూస్తాడు. ఖరగ్‌పూర్ చేరిన కుటుంబాలలో అనేకం ఆ నేల వదలివచ్చినవే. వారికి తరువాత ఏమైందన్నది మన కథ రైలెక్కి వెళ్ళి చూడవలసిన సంగతి.

బలవంతం లేని అమ్మకం చిత్రించడం ఇంకా కష్టం. విలన్ దొరకడు. చెఖోవ్ 'చెర్రీ తోట' 1904లో మాస్కోలో తొలిసారి ప్రదర్శితమైనప్పుడు దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ దానిని విషాదంగా మలచగా, రచయిత మాత్రం తాను రాసినది హాస్యనాటకమని పట్టుపట్టాడు. ఈ వివాదం ఊరకే పుట్టలేదు. ఆగస్టు 22న తోట వేలం పాడతారని అందరికీ ముందే తెలుసు. ఎవ్వరూ ఏమీ చేయరు. కొన్నవాడు లొపాఖిన్. ఆ ఎస్టేటులో వెట్టి చేసిన వారి వంశంలో పుట్టినవాడు. అతని సంతోషం నీచమైనది కాదు. చెఖోవ్ కొన్నవానికి కూడా ఒక గతాన్ని ఇచ్చాడు. మన కథలలో కొన్నవాడికి పేరైనా ఉండదు. 'ఎవరో కాంట్రాక్టరు' అంటే సరిపోతుంది.

ఎం.టి. వాసుదేవన్ నాయర్ 'నాలుకెట్టు' (1958) నవలలో ఈ దృష్టి తలకిందులైంది. తరవాడు నుంచి వెలివేయబడిన తల్లి కొడుకు అప్పుణ్ణి పెద్దవాడై, డబ్బు సంపాదించి, ఆ పాత భవనాన్నే కొంటాడు. కొని, దానిని పడగొట్టి గాలీ వెలుతురూ వచ్చే చిన్న ఇల్లు కట్టాలంటాడు. పాత ఇంటిని ప్రేమించమని పాఠకుని బలవంతపెట్టని ధైర్యం అది. మండువా లోగిలి చీకటి గదులలో ఎందరు వితంతువులు ఎన్ని ఏళ్ళు గడిపారో గుర్తుంచుకొన్న రచయిత దాని తలుపులకు నమస్కారం చేయించేముందు ఒక క్షణం ఆగుతాడు.

ఈ విషయమై నేను మళ్ళీ మళ్ళీ చదివేది మహేశ్ ఎల్కుంచ్‌వార్ మరాఠీ నాటకం 'వాడా చిరేబందీ' (1985). విదర్భ ప్రాంతపు పల్లెలో దేశపాండే కుటుంబ పెద్ద మరణిస్తాడు. కర్మలకై బంధువులు చేరతారు. బొంబాయి నుంచి రెండవ కొడుకు, అతని భార్య వస్తారు. ఊరందరికీ భోజనం పెట్టక తప్పదన్న పరువు ఒకవైపు, పైసా లేని పెట్టె ఒకవైపు. ఏది అమ్మాలి అన్నదే నాటకం. అయినా గొంతులు పెద్దగా లేవవు. వాకిట్లో తుప్పు పట్టిన ట్రాక్టరు ఒకటి పడి ఉంటుంది, దానిని ఎవరూ కదిలించరు. చూపు ఆనని ముసలి అవ్వ వేళ ఎంతయిందని అడుగుతూనే ఉంటుంది. పెద్ద కోడలు వంశపు నగలు ఒంటిమీద వేసుకొని చూసుకొన్న రాత్రి ఒకటుంది. ఆ నగలతోనే ఇంటి పిల్ల పారిపోతుంది. చదువుకోవాలని ఆశపడి ఆగిపోయిన చెల్లెలు ప్రభ, ఇంటిచాకిరీకే మిగిలిన మూడవ కొడుకు చందు వీరందరి నడుమ తిరుగుతుంటారు. వాటా అడగడానికి నోరు లేనివారు ఎవరో నాటకకర్త వేలెత్తి చూపించడు. రంగస్థలం మీద పనిచేస్తున్నవారు ఎవరో గమనించమని వదిలివేస్తాడు. బొంబాయి కొడుకు స్వార్థపరుడని మనం తీర్పు ఇచ్చేలోగా అతని అద్దెగది ఎంత ఇరుకో తెలిసివస్తుంది. అందుకే ఈ నాటకంలో అమ్మకం ఒక నేరంగా కాక, అందరూ కలిసి చేసిన లెక్కగా కనిపిస్తుంది. దాని బాధ కూడా అందువల్లనే ఎక్కువ.

ప్రభ వంటి వారి విషయమై చట్టం ఏమన్నదో కూడా విమర్శకుడు తెలుసుకోవాలి. కల్యాణి చాళుక్యుల ఆస్థానానికి చెందిన విజ్ఞానేశ్వరుని మితాక్షర తెలుగునాట చెల్లిన ధర్మం; పుట్టుకతోనే కొడుకుకు హక్కు అంటుంది. జీమూతవాహనుని దాయభాగం వంగదేశపు ధర్మం. తండ్రి పోయిన తరువాతనే హక్కు అంటుంది. వలస పోయిన కుటుంబం, వదులుకొన్నట్లు రుజువైతే తప్ప, తన వెంట తన ధర్మాన్నే తీసుకొనిపోతుందని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. అంటే ఖరగ్‌పూర్‌లో దిగిన తెలుగు కూలీ తట్టాబుట్టలతో పాటు విజ్ఞానేశ్వరుని కూడా రైలెక్కించుకొని వచ్చాడన్నమాట! 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితాన్ని భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా పంచింది. అయితే అదే చట్టంలోని 23వ సెక్షను, కుటుంబం కాపురమున్న ఇంటిని పంచమని కూతురు అడగరాదనీ, మగ వారసులు పంచుకోదలచినప్పుడే ఆమె వంతు తేలుతుందనీ నిర్ణయించింది. ఆ సెక్షను 2005 సవరణతో పోయింది. దాదాపు అయిదు దశాబ్దాలపాటు ఈ దేశంలో ఆడపడుచుకు ఇంట్లో భాగం ఉంది, అడిగే వీలు లేదు. ఇంతటి నాటకీయ స్థితిని చట్టం సిద్ధం చేసి పెట్టగా, మన కథలు ఆమెకు రెండే పాత్రలు ఇచ్చాయి: కన్నీటితో సంతకం పెట్టి పుట్టింటి మేలు కోరే త్యాగమూర్తి, లేదా అన్నలను కోర్టుకెక్కించే అత్యాశాపరురాలు.

సుభాష్‌పల్లిలో నేను చూసిన ఆడపడుచు ఈ రెండింటిలోనూ ఇమడలేదు. అన్నలు చెడ్డవారు కారు. ఆమె పెళ్ళి ఖర్చుతోనే మేడ ఆగిపోయిందనీ, కనుక ఆమె హక్కు విడుదల పత్రం రాసి ఇవ్వడం సబబనీ వారు నిజంగానే నమ్మారు. ఆమె గొంతు పెంచకుండా, "ఆగిపోయిన మేడ నాది కాదులే అన్నయ్యా. కట్టిన మూడు గదుల్లో నా వంతు ఇచ్చేయండి, చాలు" అంది. పెద్దవాడు చాలాసేపు ఆ మెట్ల వైపు చూశాడు. మరునాడు విక్రేతల జాబితాలో ఆమె పేరు చేరింది. అత్తయ్య ఉండబోయేది కూతురి దగ్గరనే అని అప్పటికి అందరికీ తెలుసు. ఆ సంగతి వాదనగా ఎవరూ వాడలేదు.

దస్తావేజు సహజంగా వంగభాషలో తయారయింది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం, రిజిస్ట్రారుకు తెలియని, ఆ జిల్లాలో సాధారణ వాడుకలో లేని భాషలో పత్రం రాస్తే అనువాదం జతపరచవలసి ఉంటుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి ఇవ్వడానికి నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు సంతోషించారు, అది న్యాయమే. కాని ఇల్లు అమ్మే వేళ ఎవరూ అనువాద శ్రమకు పూనుకోరు. లేఖరి చదివాడు, పెద్దకొడుకు తెలుగులో చెబుతూ వచ్చాడు. అత్తయ్యకు బజారు బెంగాలీ బాగానే వచ్చును. కాగితపు బెంగాలీ వేరు. ఆమె తల ఊపుతూ వింటూ ఒకచోట ఆగమంది. లేఖరి 'పుత్రపౌత్రాది క్రమే' అన్నాడు.

"అది మన మాటే గదా బాబూ?" అని నన్నడిగింది.

"మన మాటే అత్తయ్యా. సంస్కృతం."

"ఎవరి పుత్రులు?"

"కొన్నవారి పుత్రులు. వారి పిల్లల పిల్లలు కూడా అనుభవించవచ్చునని."

"మావయ్య కొన్ననాటి కాగితంలో కూడా ఈ మాటుందా?"

ఉంది. పాత దస్తావేజు బల్లమీదనే ఉన్నది, చూసి చెప్పాను. ఆమె "సరే" అని కళ్ళజోడు సవరించుకొని తెలుగులో సంతకం చేసింది. తరువాత పది వేళ్ళ ముద్రలూ తీసుకొన్నారు.

మన తెలుగు దస్తావేజులలోనూ దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించమని రాస్తాము. ఆ ఒక్క వాక్యంలోనే తరతరాలుగా ఉంచుకొమ్మన్న ఆశీస్సు, ఎప్పుడైనా అమ్ముకొమ్మన్న అనుమతి రెండూ ఉన్నాయి. ఆ ఆశీస్సు ప్రతి అమ్మకంలోనూ చేతులు మారుతుంది. దానిని నెరవేర్చలేనివారే దానిని రాసి మరొకరికి ఇవ్వాలి. ఇంటి అమ్మకంలో ఉన్న విషాదమంతా నాకు ఆ లేఖరి యాంత్రికంగా చదివిన వాక్యంలోనే కనిపించింది. ఆ గదిలో ఎవరూ ఏడవలేదు.

తెలుగు కథకు ఈ నిగ్రహం తెలియనిది కాదు. చాగంటి సోమయాజులు గారి 'వాయులీనం'లో అమ్ముడైనది ఇల్లు కాదు, భార్య వాయించే ఫిడేలు. జబ్బు చేసిన మనిషిని బ్రతికించుకోవడానికే దానిని అమ్ముతారు. భర్తను తప్పు పట్టడానికి కథ ఎక్కడా అవకాశమివ్వదు. నష్టం ఎంతటిదో చెప్పడానికి రచయిత ఉపన్యాసం చేయడు. ఇంటి గురించి రాసే మన కథకులు చాసో వద్ద ఈ విద్యను నేర్వలేదన్నదే నా ఫిర్యాదు. ఇల్లు ఫిడేలు కంటే పెద్దదనీ, కనుక దాని గురించి పెద్ద గొంతుతో మాట్లాడాలనీ వారు అనుకొంటున్నట్లుంది. దీనికి పత్రికల పోటీలు కొంత కారణం. పోటీకి వచ్చే కథలలో మామిడిచెట్టు కూలినంత తరచుగా వంతుల లెక్క కనిపించదు. న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడు నేను కూడా చెట్టు కూలిన కథలకే మార్కులు వేశానని ఒప్పుకోవాలి.

ఇంకొక సంగతి ఆ రోజు తిరిగివచ్చేముందు తెలిసింది. పక్కింటివారు ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం. వీడ్కోలు చెప్పడానికి వెళ్ళినప్పుడు, హద్దుల గోడ విషయమై ఏదో ధృవపరచుకోవడానికి తమ దస్తావేజు తెచ్చి చూపించారు. అందులో దక్షిణపు హద్దుగా మావయ్య పేరు రాసి ఉంది. కొత్త యజమాని పేరు అక్కడ ఎప్పుడు చేరుతుందని చిన్నకొడుకు అడిగాడు. వాళ్ళు ఇల్లు అమ్మితేగాని చేరదని ఆయన నవ్వుతూ చెప్పి, కాగితం మడిచి లోపల పెట్టుకొన్నాడు.